అష్రీ జనం సామాన్లు

మా నబ్రా అత్త చేసే సామాన్లు అష్రీ జనానివి. మొసలి తల ఉన్న తలుపు గడియలు, పాలదుత్తలు, ఎవరికీ చదవరాని అక్షరాల ముద్రలు. నైలు బంకమట్టితో చేసి, కాల్చి, పెరట్లో పాతిపెట్టి, ఏడాది పాటు అంట్ల నీళ్ళు పోస్తుంది. తవ్వి తీస్తే మూడువేల ఏళ్ళ నాటివంటే నమ్మాలి. అష్రీ జనమంటూ ఎవరూ లేరు, అంతా అత్త కల్పనే. వాళ్ళకు రాణి ఉంది, పన్నులు లేవు. అదెలాగంటే, "ఏలేది ఆడది గనక" అంటుంది.

అరవై నాలుగులో నైలు మీద ఆనకట్ట కట్టి, ఈజిప్టు దక్షిణాన ఉన్న మా నూబియా ఊళ్ళను ముంచినప్పుడు దేశదేశాల వాళ్ళొచ్చి గుళ్ళను రాయి రాయిగా కోసి గట్టెక్కించారు. మమ్మల్ని మాత్రం పడవలెక్కించి తెచ్చి కొమ్ ఓంబో ఊరి దగ్గర ఈ వరస ఇళ్ళలో పడేశారు. అత్తకప్పుడు పన్నెండేళ్ళు. వాళ్ళమ్మ గుమ్మం చుట్టూ పొదిగిన పింగాణీ పళ్ళాలను ఊడదీసుకోనివ్వలేదు, వేళ లేదన్నారు. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాల్సిన పనీ లేదు.

పోయిన చలికాలం అస్వాన్‌లో చేతిపనుల ప్రదర్శనకు అత్తకొక బల్ల ఇచ్చారు. జీవితంలో మొదటిసారి. తలుపులు తీసే ముందు పురావస్తు అధికారి రఊఫ్ వచ్చాడు, కైరో కుర్రాడు.

"ఇవి ఎక్కడ తవ్వారు హజ్జా?"

"హజ్జా అనకు, నేనింకా మక్కా పోలేదు. మా పెరట్లో తవ్వాను."

"అక్కడికెలా వచ్చాయి?"

"నేనే పాతాను."

రఊఫ్ నుదురు రుద్దుకున్నాడు. "అయితే ఒక్కోదాని మీదా నకలు అని ముద్ర వేయాలి. లేదా బల్ల ఖాళీ చేయాలి."

"దేనికి నకలు? అసలుది పట్రా, పక్కన పెట్టి చూద్దాం."

"అలాంటి జనమే లేరమ్మా."

మాతో వచ్చిన సాలిహీన్ తాతకు ఒళ్ళు మండింది. "లేకపోవడమేంటయ్యా? మా తాత ఆ అష్రీ వాళ్ళ బావి నీళ్ళు తాగాడు."

అత్త కూడా తెల్లబోయి ఆయన వంక చూసింది. తాత అబద్ధమాడుతున్నట్టు లేడు.

"ఏదీ ఆ బావి?" అన్నాడు రఊఫ్.

"మీ ఆనకట్ట సరస్సు అడుగున. ఈతొస్తే దిగి చూసిరా."

అందరూ నవ్వారు, రఊఫ్ కూడా. చెడ్డవాడు కాదు. ముద్ర మాట వదిలేసి, బల్ల మీద పెట్టే అట్టముక్క తీసుకుని కలం పట్టాడు. చేసినవారు నబ్రా అని రాశాడు. జనం అష్రీ అనీ రాశాడు.

"వీళ్ళెలా అంతరించారో ఒక్క ముక్క ఉండాలి. కరువా, యుద్ధమా?"

"అంతరించలేదు. పడవలెక్కించి తోలేశారు అని రాయి."

కలం ఆగిపోయింది. అత్త గంప ముందుకు లాగి దుత్తలు సర్దడం మొదలుపెట్టింది. ఆ మాట లేని బల్ల ఆమెకు అక్కర్లేదు.

"అమ్మా, ఇది పెడితే మా పైవాళ్ళు సాయంత్రానికల్లా బల్ల తీయించేస్తారు."

"సాయంత్రం దాకా ఉంటుందిగా. రాయి."

రాశాడు.