బల్లలో అన్నగారి వైపు

సాయంత్రం ఆరయ్యేసరికి ఆమె పెరట్లో ఒక బకెట్ విడిగా పెట్టేది. అది పాలిష్ మేస్త్రి చొక్కా కోసం. లక్కను స్పిరిట్‌లో నానబెట్టి చెక్కకు పట్టించే ఆ మేస్త్రి ఆమె భర్తే. ఆ చొక్కాను మిగతా బట్టల్లో కలిపితే ఇంటిల్లిపాదికీ అదే వాసన అంటుకునేది. పద్దెనిమిదేళ్ళు నడిచిన ఆ బకెట్ ఇప్పుడు గోడవార బోర్లించి ఉంది. మేస్త్రి ప్లైవుడ్ కొట్లో కొలతలు తీసే పనికి పోతున్నాడు. చొక్కాకు కాస్త రంపపు పొట్టు తప్ప ఏమీ ఉండదు. అయినా ఆరింటికి ఆమె చెయ్యి దానంతటదే బకెట్ మీదికి పోతుంది. పోయి, ఊరికే వెనక్కి వస్తుంది.

ఆ వాసనే ఆమెను మోసం చేసింది. ఆయన తాగొచ్చిన రోజున కూడా అది పాలిష్ వాసనే అనుకుంది. పక్కింటావిడ నసిగితే, మా ఆయన పనే అలాంటిదమ్మా అని నోరు మూయించింది కూడా. కళ్ళకు కనపడేదాన్ని ముక్కు కప్పేసింది.

మేస్త్రికి పదమూడో ఏట తండ్రి పోతే చెయ్యి పట్టుకుని పని నేర్పింది అన్నగారు. అన్నదమ్ములిద్దరూ జోడెద్దుల్లా కలిసే పనిచేసేవాళ్ళు. ఎంత పొడుగు బల్లకైనా ఆ చివర అన్న, ఈ చివర తమ్ముడు మొదలుపెట్టి, చెయ్యి ఆపకుండా వచ్చి మధ్యలో కలుసుకునేవాళ్ళు. పాలిష్ తడి ఆరేలోపు కలవాలి. ఆగితే అక్కడ గీత పడుతుంది, ఆ గీత ఇక జన్మకు పోదు. ఎవరి చెయ్యి ఎక్కడ ఆగిందో చూపించండి చూద్దాం అని అన్నగారు పందెం కాసేవాడు. ఒక్కరూ చూపించలేదు.

సొంతానికని ఒక బల్ల చేసుకున్నారు, అమ్మాయి చదువుకోడానికి. ఆరోజు మొదటిసారి అన్నగారు మొదలుపెడుతూనే చెయ్యి ఆపాడు. రొమ్ములో పట్టేసినట్టుంది మరదలా, కాసిని నీళ్ళివ్వు అని కూర్చున్నాడు. ఆమె గ్లాసు తెచ్చేలోపే ఆయన లేడు. తమ్ముడి సగం అద్దంలా మెరుస్తూ, అన్నగారి సగం పచ్చి చెక్కగా మిగిలిపోయాయి. ఆ గ్లాసుడు నీళ్ళు ఇవ్వలేకపోయానన్న బాధ ఆమెకు ఇప్పటికీ పోలేదు.

ఆ తర్వాత మేస్త్రి చాటుగా తాగడం మానేసి ఎదురుగానే తాగాడు. రెండేళ్ళయ్యాక ఎవరింట్లోనో నిచ్చెన మీంచి పడి భుజం విరగ్గొట్టుకుంటే, తల్లీ కూతుళ్ళు కలిసి మందు మాన్పించే కేంద్రంలో చేర్చారు. మొదటి పక్షం రోజులు ఆయన చేత గ్లాసు నిలవలేదు. ఆదివారం చూడ్డానికి వెళ్తే, ఇంటి సంగతులేవీ అడక్కుండా ఒక్కటే అడిగేవాడు. బల్ల మీద నీళ్ళ గ్లాసు పెట్టట్లేదు కదా అని.

మూడు నెలలకు పంపిస్తూ అక్కడి కౌన్సిలర్, స్పిరిట్ వాసన నీకు సగం తాగినట్టే, ఆ పని వదిలెయ్యమన్నాడు. ఆయన వదిలేశాడు. తాగాలని మనసు పీకినప్పుడల్లా ఏదో ఒక చెక్కముక్క తీసుకుని, ఆ కోరిక దిగేదాకా ఎమిరీ కాగితంతో రుద్దుతాడు. నున్నబడ్డ ముక్కలతో ఏడు నెలల్లో బుట్ట నిండింది. అమ్మాయి వాటికి నాన్న సబ్బులు అని పేరు పెట్టింది. ఆమె మాత్రం ఆ బుట్ట జరిపి ఊడ్చే ప్రతిసారీ అబ్బో, ఇన్నిసార్లా అనుకుంటుంది.

ఒక ఆదివారం పొద్దున ఫర్నిచర్ షాపాయన వచ్చాడు. అందరూ ఆయన్ని తొందరయ్య అంటారు. ఏ పనైనా నిన్నటికే కావాలంటాడు. ఏదో ఆఫీసుకు పద్నాలుగు అడుగుల బల్లట. గీత పడకుండా చేసే చెయ్యి ఊళ్ళో ఇంకోటి లేదన్నాడు. మేస్త్రి వాసన సంగతి చెబితే నవ్వేశాడు.

"మిఠాయి కొట్టు ముందు నడిస్తే షుగరొస్తుందటయ్యా? ఒక్క రోజు పని."

మేస్త్రి రేపు చెబుతానన్నాడు. తొందరయ్య పాలిష్ సీసా ఒకటి అమ్మాయి బల్ల మీద పెట్టి, కొత్త సరుకు, చూసుకో అని వెళ్ళిపోయాడు.

గుమ్మంలో నిలబడ్డ ఆమెకు భయమేసింది. భయమొక్కటే కాదు. ఆయన వెళ్తే బాగుండునని లోపల ఒక మూల అనిపించింది. ఈల వేసుకుంటూ వచ్చే మనిషి, మెరిసే గోళ్ళు, గడప దాటకముందే తెలిసిపోయే ఆ వాసన. ఆ మనిషి మళ్ళీ కావాలనిపించింది. తాగుడు లేకుండా ఆ మనిషొక్కడే రాడని తెలిసి కూడా అనిపించింది. తన మీద తనకే రోత పుట్టింది.

మేస్త్రి సీసా మూత తీశాడు. వాసన గదంతా పరుచుకుంది. ఆయన గొంతు గుటక వేసినట్టు కదలడం ఆమె చూసింది. ఆయన రెండో చేత్తో అన్నగారి వైపు చెక్కను నిమురుతున్నాడు.

"ఆ పనికి పోనులే. ఈ సగం ఒక్కటీ చేసేస్తానే. అన్నయ్య పని అలా ఉండిపోయింది."

ఆమె దగ్గరికొచ్చి నిలబడింది. కేంద్రంలో చెప్పిన మాటలు చాలానే ఉన్నాయి. వాటి జోలికి పోలేదు.

"బావగారి వైపు మీరొక్కరే చేస్తే మధ్యలో గీత పడుతుందండీ," అంది.

మేస్త్రి మెరిసే సగం ఆగిపోయిన చోట వేలు పెట్టి, ఆ అంచు పొడుగునా జరిపాడు. తర్వాత మూత బిగించాడు. సీసా వదల్లేదు. వేళ్ళు తెల్లబడేదాకా పట్టుకుని, చివరికి ఆమె వైపు జరిపాడు.

"నువ్వే ఇచ్చిరా. నేను తీసుకెళ్తే అక్కడిదాకా చేరదు."

ఆమె చెంగు చాటున పెట్టుకుని వెళ్ళి షాపులో ఇచ్చేసింది. తొందరయ్య మరి ఎప్పుడమ్మా అంటే, ఇక కాదండీ అంది. తిరిగొస్తుంటే వేళ్ళకంటిన వాసన వెంటే వచ్చింది. వీధి మలుపు దాకా చెయ్యి ముఖం దగ్గరే ఉంచుకుంది. తర్వాత కొళాయి కింద సబ్బు పెట్టి మోచేతుల దాకా కడిగేసుకుంది.

లోపలికొచ్చేసరికి మేస్త్రి కుర్చీలో చెక్కముక్క రుద్దుతున్నాడు. ఆయన నీళ్ళు తాగిన గ్లాసు బల్ల మీద, అన్నగారి వైపు ఉంది. బల్ల దరిదాపులకే నీళ్ళు రానివ్వని మనిషి. ఆమె గ్లాసు తీసింది. పచ్చి చెక్కలో తడి గుండ్రంగా ఇంకుతోంది. ఇప్పుడే తుడిస్తే మచ్చ పడదు.

మేకుకున్న తుడుపుగుడ్డ అందుకుంది. ఆ తడి చూస్తే ఆరోజు బావగారు అడిగిన నీళ్ళు గుర్తొచ్చాయి. గుడ్డను మళ్ళీ మేకుకే తగిలించి, గ్లాసు నింపుకురావడానికి వెళ్ళింది.