నాలుగు బేస్ బాక్సులు, ఒక్క చానల్

ఆ సాయంత్రం ఆళ్లగడ్డలో ఒక పెళ్లి రిసెప్షన్‌కు సౌండ్ మాది. మాది అంటే మా నాయనది, ఆయన కూతురినైన నాది. నంద్యాలలో ఆయన నడిపే సౌండ్ సిస్టమ్ దుకాణంలో నేనూ పనిచేస్తాను. వైరు ఒలవడం దగ్గర్నుంచి అన్నీ ఆయన నేర్పినవే.

సామాన్లు దించి చూస్తే బేస్ బాక్సుల యాంప్లిఫయర్‌లో ఉన్న రెండు చానళ్లలో ఒకటి పలకలేదు. శిరివెళ్ల దాటాక గతుకుల్లో ఏం కదిలిందో ఏమో. విప్పి చూసే వ్యవధి లేదు, జనం అప్పుడే వస్తున్నారు. ఉన్నది ఒక్క చానల్, బాక్సులేమో నాలుగు.

మామూలుగా ఒక్కో చానల్‌కు రెండేసి బాక్సులు ప్యారలల్‌గా కలుపుతాం, అంటే పక్కపక్కన. ఒక్కో బాక్సు కరెంటుకు పెట్టే అడ్డు ఎనిమిది ఓమ్‌లు, అలా రెండు కలిస్తే అది నాలుగుకు తగ్గుతుంది. మా యాంప్లిఫయర్ అంతకంటే కిందికి తట్టుకోదు. నాలుగు బాక్సులూ అలాగే ఒక్క చానల్‌కు తగిలిస్తే రెండు ఓమ్‌లకు పడిపోతుంది. ఓమ్‌లు తగ్గేకొద్దీ అది ఎక్కువ కరెంటు తోడుతుంది, సౌండ్ పెరుగుతుంది కానీ ఆ వేడికి కాలిపోతుంది.

నేను స్టేజి మీద మైకులు సర్ది వచ్చేసరికి నాయన సరిగ్గా ఆ పనే చేసి పాట పెట్టేశాడు. మండపం అద్దాలు అదిరాయి. రెండు నిమిషాలకే సౌండ్ టక్కున ఆగిపోయి, యాంప్లిఫయర్ మీద ఎర్ర లైటు వెలిగింది. చెయ్యి పెడితే పెనంలా ఉంది. కమురు వాసన కూడా మొదలైంది.

పెళ్లికూతురి మేనమామ మా వెనకే వచ్చి నిలబడ్డాడు.

"ఏందప్పా ఇది? పిల్ల స్టేజి ఎక్కే టయానికి మూగబోతే ఎట్లా?"

నాయన తల తిప్పలేదు. మళ్లీ స్విచ్ వెయ్యబోయాడు. నేను ఎదురొచ్చి చెయ్యి అడ్డం పెట్టాను.

"వద్దు నాయనా, కాల్తాది. రెండు రెండు ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో కలుపుదాం."

"ఏం కాదులే. ముందే సౌండ్ సాలడం ల్యా, నువ్వు ఇంగా తగ్గిస్తానంటాండావ్."

సాలడం లేదా? అద్దాలు అదిరిన సౌండ్ అది.

"ఓ పెద్దాయనా, నీకే చెప్తాండా! ఇంగో సిస్టం పిలిపించుకోమంటావా?" మేనమామ ఈసారి అరిచాడు. చుట్టూ నలుగురు చేరారు. నాయన అప్పుడు కూడా తిరగలేదు. వైరు చూసుకుంటూ ఉన్నాడు.

ఎదురుగా ఉన్న నా పెదాలు చూసి జవాబిచ్చాడు గానీ, వెనక అరుపు ఆయన్ను చేరనేలేదు. ఆయనది మొండితనం కాదు. వినపడడం లేదు. ఈమధ్య ప్రతి ఫంక్షన్‌లోనూ వాల్యూమ్ పెంచమనడం, ఫోన్ ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకోవడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

మేనమామకు దండం పెట్టాను. "ఒక్క పది నిమిషాలు, అన్నా, నేను చూసుకుంటా."

"చూడు మరి. పరువు పోయే పని చెయ్యొద్దు," అని అక్కడే కాచుకుని నిలబడ్డాడు.

నేను నాయన ఎదురుగా కూర్చుని, ఆయనకు నా పెదాలు కనపడేలా నెమ్మదిగా చెప్పాను. "రెండు సిరీస్‌లో పెడితే పదహారు. అట్లాంటి రెండు జతలు ప్యారలల్‌లో కలిపితే ఎనిమిది. యాంప్ చల్లగా ఉంటాది. బాక్సులన్నీ ఒక మూలకు చేరుద్దాం, గోడ కలిసొచ్చి బేస్ నిండుగా వస్తాది."

ఆయన నా మొహం వంక చాలాసేపు చూశాడు. నేను కనిపెట్టానని ఆయనకు తెలిసిపోయింది. వైర్లు ఊడదీయడం మొదలుపెట్టాడు. యాంప్లిఫయర్‌కు ఫ్యాన్ పెట్టి, ఇద్దరం కలిసి వైర్లు మార్చి, బాక్సుల్ని మూలకు జరిపాం.

ఎర్ర లైటు ఆరింది. స్విచ్ వేశాను. మిక్సర్ మీద వాల్యూమ్ కొద్దికొద్దిగా పెంచాను. మునుపటంత మోత లేదు కానీ నేల కింద నుంచి బేస్ వచ్చింది. మేనమామ కాసేపు విని, తల ఊపి వెళ్లిపోయాడు. పెళ్లికూతురు స్టేజి ఎక్కింది.

నాయన వంగి బాక్సు మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"సాలు," అన్నాడు. చెయ్యి తియ్యకుండానే, "ఎడమ చెవి ఎప్పుడో పోయిందమ్మా. కుడిది గూడా పోతాంది. చెప్తే నువ్వు మిక్సర్ ముట్టుకోనీవని చెప్పల్యా," అన్నాడు.

నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ఆ సందట్లో ఏదీ బయటపెట్టలేదు.

మరుసటి వారం నంద్యాలలో చెవుల డాక్టరుకు చూపించాం. వినపడేందుకు చెవికి మిషన్ పెట్టారు. ఫంక్షన్లలో దాన్ని తీసి జేబులో వేసుకుంటాడు, గరగరమంటుందట. ఇప్పుడు మిక్సర్ దగ్గర నేను కూర్చుంటాను. వైర్లు మాత్రం ఆయనే కలుపుతాడు.