అత్తగారి ఎత్తుపీటకు మెరుగు

మా అత్తగారిది ఒంటిపూట భోజనం. ఆ ఒక్క పూటా మడి కట్టుకుని నేల మీద కూర్చోవాలి. మోకాళ్లు పట్టేసి, సగం భోజనంలోనే లేచిపోయేవారు. మనిషి బాగా చిక్కిపోయారు. అందుకని పనసకర్రతో ఒక ఎత్తుపీట, విస్తరి వేసుకోవడానికి దాని ముందు చిన్న బల్ల చేయించాను.

రోజూ నీళ్లతో కడిగే పీట. ఏమీ పూయకుండా వదిలితే నల్లబడి చివుకుతుంది. కర్ర రంగు కనబడుతూనే నీటికి ఆగేది ఏదైనా పట్టించాలి. కొనడం దేనికని ఇంట్లో ఉన్న ఆముదం రుద్దాను. ఎన్నాళ్లకీ ఆరలేదు. ఆరిందనుకుని కూర్చున్న అత్తగారు లేవబోయి ఆగిపోయారు.

"ఏమే, పీట నన్ను లేవనివ్వడం లేదు. నీకంటే దీనికే మర్యాద తెలుసు."

మడిచీర పాడైంది. ఆవిడ మళ్లీ నేల మీదికే వెళ్లారు.

బూడిద, సీకాయ వేసి తోమి జిడ్డు వదలగొట్టి, వడ్రంగిని పిలిపించాను.

"లక్క పూద్దామండి. అద్దంలా ఉంటుంది," అన్నాడు.

అత్తగారు లోపలి నుంచే అడిగారు. "లక్క దేంట్లో కరుగుతుంది?"

"సారాలోనండి."

"సారా పూసిన పీటెక్కి మడితో అన్నం తినాలా నేను?"

"ఆరాక సారా ఎక్కడుంటుందమ్మా?" అన్నారు మావారు.

"తాగినవాడికీ తెల్లారేసరికి దిగిపోతుంది. వాణ్ణి తెచ్చి వంటింట్లో కూచోబెడతావా?"

నాకు విసుగే వచ్చింది. కాని కూర్చోవలసింది ఆవిడ.

"ఇంకేమీ లేదా?" అని వడ్రంగిని అడిగాను.

"అవిసెనూనెలో గుగ్గిలం కరిగించి పూయచ్చండి. మెరుపు తక్కువ. ఆరడానికి ఓపిక పట్టాలి."

గుగ్గిలం దేవుడికి ధూపం వేసేదే కనుక ఆవిడ సరేనన్నారు. రాజమండ్రి నుంచి కాలవ పడవ మీద అవిసెనూనె తెప్పించాను. వడ్రంగి పెరట్లో, పాకకు దూరంగా పొయ్యి పెట్టి, గుగ్గిలం వేసి కాచాడు. ముందు పీట అడుగున పలచగా పూయించి, ఆరాక వేడి చారు, పుల్లమజ్జిగ పోసి ఉంచి తుడిచాను. మచ్చ పడలేదు. అప్పుడే పైన పూయనిచ్చాను. ఏ మెరుగైనా కనబడని చోట పరీక్షించాకే ఒప్పుకోవాలి.

మొదటిరోజు అత్తగారు పీటను వాసన చూశారు. అరచేత్తో తడిమారు. కూర్చుని, ఒకసారి లేచి చీర చూసుకుని, మళ్లీ కూర్చున్నారు. పప్పూ కూరా అయ్యాయి. లేస్తారేమోనని నేను చెంబుతో నీళ్లు తెచ్చాను.

"తొందరేంటే? అన్నం పట్రా."

ఆవిడ మారు వడ్డించుకోవడం నేను చూసి చాలా కాలమైంది.