నిద్ర డాక్టరు కడుపుమంట

ఆ మానసిక వైద్యశాలలో రెండు గదులకూ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క పలక. ఇటు డాక్టరు, అటు కౌన్సిలరు. అటు మాట్లాడిన మాట ఇటు అర్థం కాదుగానీ ఏడిస్తే వినపడుతుంది, నవ్వితే ఇంకా బాగా వినపడుతుంది. డాక్టరుగారి మనశ్శాంతికి సగం చేటు ఆ పలక వల్లే వచ్చింది.

ఆయన చెడ్డవాడేమీ కాదు. మందు మోతాదు తేల్చడంలో చెయ్యి తిరిగినవాడు. మనిషి కుర్చీలో కూర్చోగానే "నిద్ర పడుతోందా?" అంటాడు. తర్వాత ఆకలి సంగతి అడుగుతాడు, మందులు వేళకు వేసుకుంటున్నారా అని అడుగుతాడు, చీటీ రాసి "పక్కగదిలో మేడమ్‌ని కలిసి వెళ్లండి" అంటాడు. అందుకే వరండాలో అందరూ ఆయన్ని నిద్ర డాక్టరు అంటారు. మొదట్లో ఆ పేరు ఆయనకూ ముచ్చటగానే ఉండేది.

కౌన్సిలరు వచ్చాక ఆ ముచ్చట తీరిపోయింది. ఆవిడ ఆయనకంటే బాగా చిన్నది. ఆవిడ బల్ల మీద కాగితపు రుమాళ్ల పెట్టె వారం తిరక్కుండానే ఖాళీ అయ్యేది. ఆయన బల్ల మీదా అలాంటి పెట్టే ఉంది. కళ్లజోడు తుడుచుకోవడానికి తనే లాగితే తప్ప అందులోంచి ఒక్కటీ కదిలేది కాదు. వాళ్లకు నాలుగు మాటలు మాట్లాడే ఓపిక తెప్పించింది నా మందులైతే, ఆ ఓపికతో పోయి ఏడ్చేది ఆవిడ దగ్గరా! వండింది ఒకరు, పేరు వడ్డించినవాళ్లకా! ఇదీ ఆయన బాధ. పైకి చెప్పుకునే బాధ కాదు కనక లోపలే ఉడికేది.

ఇంట్లో మాత్రం దాగలేదు. "మీ గదిలో ఎవరూ ఏడవకపోతే సంతోషించాలి గానీ, ఆవిడ మీద పడి మీరేడవడమేమిటండీ?" అంది భార్య.

"నేనెవరి మీదా ఏడవడం లేదు."

"అయితే అన్నంలో చెయ్యి పెట్టుకుని ఇంతసేపూ ఆవిడ కబుర్లే ఎందుకు చెబుతున్నారు? తినండి, చల్లారిపోతోంది."

ఈ కుళ్లు ఎవరి దగ్గర బద్దలైందంటే, టైలరు దగ్గర. టైలరుది కొన్నాళ్లు ఉత్సాహం పొంగి, కొన్నాళ్లు నిలువునా కుంగిపోయే జబ్బు. పొంగు రాబోయే ముందు అతనికి మొట్టమొదట పోయేది నిద్ర. ఆ సంగతి కనిపెట్టి, పొంగును మొదట్లోనే మందుతో పట్టి ఆపుతూ, పదేళ్లుగా అతని దుకాణం మూతపడకుండా కాపాడింది ఈ డాక్టరే. టైలరు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. "బాగానే ఉందండి" అనేవాడు. నిద్ర సంగతి అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేవాడు.

అలాంటి మనిషి ఒకరోజు పలక అవతల వెక్కివెక్కి ఏడవడం వినపడింది. డాక్టరు కలం కిందపెట్టాడు. టైలరు బయటికి రాగానే పిలిచి, "అంతసేపు ఏం మాట్లాడారేమిటి?" అని ఆరా తీశాడు.

"ఏవో పాత సంగతులండీ. పోయిన మా అన్నయ్య గురించి."

"మీకో అన్నయ్య ఉండేవాడా? పదేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదే!"

"మీరెప్పుడూ అడగలేదు కదండీ" అనేసి, డాక్టరు మొహం మాడిపోవడం చూసి నాలుక కరుచుకున్నాడు టైలరు.

పుండు మీద కారం చల్లినట్టు, ఆ మర్నాడే వరండాలో ఎవరో తనను అనుకరించడం డాక్టరు చెవిన పడింది. "నిద్ర పడుతోందా? ఆకలేస్తోందా? సరే, వెళ్లండి!" అంటుంటే చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వుతున్నారు. వాళ్లు నవ్వింది ప్రేమతోనే. డాక్టరుకు అలా తోచలేదు. ఇకమీదట ఆ ప్రశ్న నోటివెంట రానిస్తే ఒట్టు అనుకున్నాడు.

టైలరు మళ్లీ వచ్చేసరికి డాక్టరు తన కుర్చీని బల్ల ఇవతలికి జరుపుకుని, రుమాళ్ల పెట్టెను అతని చేతికందేలా పెట్టి సిద్ధంగా ఉన్నాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, గొంతు కూడా మెత్తగా మార్చాడు. "చెప్పండి. మనసెలా ఉంది? మీ అన్నయ్య సంగతి చెప్పండి."

టైలరు కాసేపు బిత్తరపోయాడు. తర్వాత మొదలుపెట్టాడు. అన్నయ్య దగ్గర కత్తెర పట్టడం నేర్చుకున్నది, అన్నయ్య సైకిలు, దుకాణానికి కొత్త బోర్డు, ఎవరూ కుట్టని కొత్తరకం చొక్కా, ఒకదాని మీదొకటి తోసుకుంటూ వచ్చాయి. కళ్లు మెరుస్తున్నాయి. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకునే సందు లేదు. ఇంకెవరైనా అలా మాట్లాడి ఉంటే డాక్టరు క్షణంలో పట్టేసేవాడు. ఆరోజు మాత్రం, నోరు మెదపని మనిషి నా దగ్గర మనసు విప్పాడని మురిసిపోయాడు. ముంచుకొస్తున్న జబ్బును తన మీది నమ్మకం అనుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ టైలరు గుమ్మం దగ్గర ఆగాడు. "ఇంకేమన్నా అడుగుతారా డాక్టరుగారూ?"

"ఇంక అడగడానికేముంది, అంతా చెప్పేశారుగా!" అన్నాడు డాక్టరు నిండుగా నవ్వి, పాత మందులే రాసిన చీటీ చేతిలో పెట్టి.

టైలరు పక్కగదికి వెళ్లాడు. ఈసారి అటునుంచి ఏడుపు వినపడలేదు. చాలా రోజుల తర్వాత డాక్టరుకు కడుపు చల్లబడింది.

ఆ వారంలోనే టైలరు దుకాణంలో కుట్టడానికిచ్చిన బట్టలన్నీ ముక్కలు ముక్కలుగా కత్తిరించేశాడు. లోకంలో లేని చొక్కా కుడుతున్నానని అడ్డొచ్చినవాళ్లను తిట్టాడు. జనం దుకాణం మీద పడి గొడవ చేశారు, ఎవరో చెయ్యి కూడా చేసుకున్నారు. చివరికి నలుగురు పట్టుకుని పెద్దాసుపత్రిలో చేర్చారు.

శనివారం మీటింగులో కౌన్సిలరు కళ్లు తుడుచుకుంది. "ఆరోజు నా ముందు కూర్చునే ఉన్నాడండీ. అన్నయ్య మీద బెంగతోనే అంతలా మాట్లాడుతున్నాడనుకున్నాను. నిద్ర పట్టడంలేదని నాతో ఒక్క ముక్క అనలేదు. తప్పు నాదే."

డాక్టరు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. అంతకంటే ఘోరం, లోపలెక్కడో చిన్న సంతోషం కదిలింది. అయితే నీక్కూడా చెప్పలేదన్నమాట! ఆ సంతోషానికి ఆయనకే సిగ్గేసింది. సిగ్గేసినా నోరు విప్పలేదు. తప్పు ఆవిడ నెత్తిమీదే ఉండనిచ్చాడు.

నెల దాటాక టైలరును భార్య తీసుకొచ్చింది. మనిషి సగమై, వరండాలో బెంచీ మీద తలవంచుకుని కూర్చున్నాడు. ఆవిడ ఒక్కతే లోపలికొచ్చి, "మేడమ్‌గారిని కూడా పిలవండి" అంది. కౌన్సిలరు వచ్చి గోడవారగా నిలబడింది.

"ఆరోజు నిద్ర సంగతి చెబుదామనే వచ్చాడండీ. అప్పటికే రాత్రుళ్లు బొత్తిగా కన్ను మూయడం లేదు. మీరు అడుగుతారు కదా అని చివరిదాకా చూశాడట. మీరు అడగలేదు."

"నాతో అనొచ్చు కదమ్మా" అంది కౌన్సిలరు.

"ఇంటికొచ్చాక నేనూ అదే అన్నానమ్మా. 'అన్నయ్య మాట ముందు ఆవిడకు చెప్పాననే డాక్టరుగారు చిన్నబుచ్చుకున్నారు. ఈ ఒక్కటీ ఆయన్నే అడగనీ. ఆయనకూ ఏదో ఒకటి మిగలాలి కదా' అన్నాడు."

డాక్టరు మెడ దాకా ఎర్రబడ్డాడు. కౌన్సిలరు ఆయనవైపే చూస్తోంది.

"మీరు అడగలేదా?" అంది.

"లేదు" అన్నాడు డాక్టరు. "మీలా ఉండాలనుకున్నాను. మీ మీద కుళ్లుతో చచ్చిపోతున్నాను. మీటింగులో కూడా తెలిసే ఊరుకున్నాను."

టైలరు భార్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇప్పుడు మా ఆయన్ని ఎవరి గదికి పంపమంటారు?"

డాక్టరు నోటిదాకా వచ్చింది "నా గదికే" అనే మాట. ఇంత జరిగాక కూడా అదే వచ్చింది. దాన్ని మింగి తలదించుకున్నాడు.

"ముందు మీరిద్దరూ మాట్లాడుకోండి" అంది టైలరు భార్య లేస్తూ. "మేం బయట కూర్చుంటాం."

తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.