చింతపండుకు లొంగని చక్రాలు

మా ఆయన సెకండ్ హ్యాండ్ కారు కొన్న ఏడాదే మా అత్తయ్య కళ్ళు మసకబారాయి. ఆ కారు అల్యూమినియం చక్రాలూ అంతే, వెలాతెలా పోయి బూడిద పూసినట్టు ఉండేవి.

ప్రత్తిపాడు మొత్తంలో మిరపకాయల్లో తాలు ఏరడానికి మా అత్తయ్యను మించినవాళ్ళు లేరు. తెల్లబారిన కాయ ఒక్కటి కూడా ఆమె చేతిని తప్పించుకునేది కాదు. అలాంటిది ఆ ఏడు తాలూ ఎర్రకాయా ఒకే కుప్పలో వేసేసింది. పక్కనున్న కూలీలు నవ్వుకున్నారు. చెవులు బాగానే పనిచేస్తాయిగా, విన్నది. మర్నాటి నుంచి కల్లం వైపే రాలేదు. శుక్లాలు, ఆపరేషన్ చేస్తే పోతాయని డాక్టరు చెప్పినా ససేమిరా అంది. కన్నే పాడైపోయాక కోసి ఏం లాభమని ఆమె వాదన. బతిమాలి బతిమాలి మా నోళ్ళు పడిపోయాయి. ఆమె మొండితనం మా గేదెలకు కూడా తెలుసు.

చక్రాలు మెరవడం లేదని కొడుకు గొణగడం విని, ఒకరోజు చింతపండు పట్టుకుని వాటి మీద పడింది. ఇత్తడి బిందె అయితే ఈపాటికి బంగారమయ్యేది. చక్రం మాత్రం ఉలకలేదు, పలకలేదు. సరుకే చచ్చిపోయింది, ఇక మెరవదని తేల్చేసింది.

ఆదివారం మా మరిది వచ్చాడు. గుంటూరులో కార్లకు రంగులేసే పని అతనిది. ఒక చక్రం ఊడదీసి అరుగు మీద పెట్టి, నీళ్ళు పోస్తూ వాటర్ పేపరనే సన్నటి గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. పాలలాంటి నీళ్ళు కారాయి. అత్తయ్య వాటిని వేళ్ళతో తడిమి, ఏందిరా ఇది అని అడిగింది.

"పైపొరమ్మా. మెరుపు పోకుండా అద్దంలాంటి పూత వేస్తారు. ఎండకీ దుమ్ముకీ మసకేసింది అదే. నీ చింతపండు లోపలిదాకా పోనేలేదు. లోపల సరుకు శుభ్రంగా ఉంది."

ఆ పూతంతా తీసి, పాలిష్ పెట్టి గుడ్డతో తుడిచేసరికి, అమ్మో, ఏం చెప్పను! ఆ బూడిద ముద్దలో ఇంత వెలుగు ఎక్కడ దాక్కుంది? పెరట్లో ఎండంతా అందులోకి దిగింది. నేను నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాను. దాని మీద మళ్ళీ కొత్త పూత కొట్టాలని మరిది చెబుతున్నాడు. అత్తయ్య ముక్కు ఆనేంత దగ్గరగా వంగింది. ఆ మసక కళ్ళకు కూడా మెరుపు తగిలినట్టుంది.

"నా కంటి మీదిది కూడా పొరేనంటరా?"

మరిది చేతిలో గుడ్డ ఆగిపోయింది. "పొరేనమ్మా. పాతది తీసి కొత్తది పెడతారు. నీ కన్ను బాగానే ఉంది."

వారం తిరక్కుండా పెదకాకాని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాం.

పై ఏడు కల్లంలో, నేను ఏరి పెట్టిన ఎర్రకాయల కుప్ప ముందుకొచ్చి కూర్చుంది. చటుక్కున చెయ్యి పెట్టి ఒక తాలుకాయ బయటికి లాగింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఆ కాయను నా ముఖం ముందు ఆడించి అడిగింది:

"ఇప్పుడు ఎవరికే చేయించాల్సింది, ఆపరేషన్?"