కర్టెన్ స్ప్రింగు వాయిద్యం

నిన్న వన్ టౌన్‌లో పాత సామాన్ల కొట్టు ముందు కర్టెన్ స్ప్రింగుల చుట్ట కనిపించింది. తొంభైల్లో మన కిటికీలన్నిటికీ అవే కదా, తెల్ల ప్లాస్టిక్ తొడుగుతో, రెండు చివర్లా కొక్కేలతో.

మా నాన్న ముందుగదిలో పిల్లలకు వీణ నేర్పేవారు. పద్మక్కకు మాత్రం నేర్పలేదు. "నీకు శ్రుతి జ్ఞానం లేదే" అని చిన్నప్పుడే తేల్చేశారు. అక్క డాల్డా డబ్బాకు కర్ర బిగించి, నాన్న పారేసిన వీణ తీగ కట్టి తనే ఒక వాయిద్యం చేసుకుంది. కర్టెన్ స్ప్రింగు తొడుగు ఒలిచి, ఆ డబ్బా నుంచి ఇంకో ఖాళీ డబ్బాకు సాగదీసింది. తీగ మీటితే స్ప్రింగు వణికి, నూతిలో పాడినట్టు మోగేది.

ఒకరోజు నాన్న పిలిచి, శిష్యుల ముందు వాయించమన్నారు. చివరిదాకా కళ్లు మూసుకుని విన్నారు.

"బాగుందా నాన్నా?"

"బాగుంది. మోగిందంతా స్ప్రింగే. అందులో నువ్వెక్కడున్నావమ్మా?"

శిష్యులు నవ్వారు. నాన్న స్ప్రింగు ఊడదీసి అక్క చేతిలో పెట్టారు. "కిటికీకి కట్టేసి రా. పిల్లల మీద ఎండ పడుతోంది."

అక్క కట్టి, కర్టెన్ సర్ది వచ్చింది.

మర్నాటి నుంచి నాన్న పాఠం మొదలుపెట్టగానే వంటింట్లో మిక్సీ మోగేది.

"ఏం రుబ్బుతున్నావే?" అని ఆయన అరిచేవారు.

"పచ్చడి" అనేది అక్క. జారులో ఏమీ ఉండేది కాదు.