కొట్టేసిన 'ఎన్'

పెళ్లిచూపులకని మా ఇంటికి వచ్చినవాళ్లెవరినీ నేను నమ్మేదాన్ని కాదు. వాళ్లు అక్కను చూస్తుంటే నేను వాళ్లను చూసేదాన్ని, విప్పిన చెప్పుల దగ్గర్నుంచి. తొంభైల్లో మాట. రామచంద్రపురంలో ఏదో కాన్వెంటులో ఇంగ్లీషు చెబుతాడన్న అబ్బాయి మీద మరీ అనుమానం. మధ్యవర్తి చెప్పే ఉద్యోగాల్లో సగం వినడానికే బాగుంటాయని మా నాన్నమ్మ అనేది. అక్కకున్న పట్టింపల్లా ఒకటే, చేసుకునేవాడు చదువుకున్నవాడై ఉండాలి. ఇతనేమో వచ్చినప్పటి నుంచీ నోరు విప్పితే ఒట్టు.

మాట్లాడిందంతా అతని మేనమామే. పిల్ల చేతిరాత చూడడం అప్పట్లో మామూలే. శ్రీరామ చుట్టి పేరు రాస్తే సరిపోయేది. ఈయన మాత్రం ఇంగ్లీషులో ఒక వాక్యం రాయమన్నారు. రావులపాలెంలో బస్సు కోసం గంటసేపు నిలబడ్డానని అక్క రాసింది. 'యాన్ అవర్' దగ్గర ఆయన వేలు ఆగింది. హెచ్ ముందు యాన్ ఎలా వస్తుందమ్మా అంటూ, జేబులోంచి పెన్ను తీసి ఆ 'ఎన్' కొట్టేశారు.

అక్కడ హెచ్ పలకదనీ, చెవికి వినిపించేదాన్ని బట్టే యాన్ పెట్టాలనీ నాకు నేర్పింది అక్కే. పదిమందిలో తప్పు పట్టేసరికి దాని మొహం కందిపోయింది. తలెత్తి అబ్బాయి వంక చూసింది. అతను కాగితాన్ని చూశాడు, మేనమామను చూశాడు, తర్వాత చేతిలో పూతరేకు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాను. ఆ మాత్రం తెలియనివాడు పిల్లలకేం చెబుతాడు? నాకు ఒళ్లు మండింది.

అందరూ వీధిలోకి నడిచాక అతను అరుగు దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనకబడ్డాడు. నన్ను చూసి గొంతు తగ్గించాడు.

"మీ అక్కగారు రాసిందే రైటండి. మావయ్యగారు చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను. ఆవిడకి చెప్పండి."

నా అనుమానం అక్కడికక్కడే ఎగిరిపోయింది. నిజం మాస్టారే! లోపలికి పరిగెత్తి అక్క చెవిలో వేశాను. సంబంధం కుదిరిపోయినట్టే సంబరపడ్డాను.

అక్క తిన్నగా నాన్నగారి దగ్గరకు వెళ్లి ఈ సంబంధం వద్దంది. పెద్దాయన తెలియక అన్నదానికి అబ్బాయేం చేస్తాడమ్మా అన్నారు నాన్నగారు.

"ఆయనకీ తెలీకపోతే నేను చెప్పుకుందునండి. తెలిసే ఊరుకున్నారంట. రేపు ఆ ఇంట్లో నేను చేసిందల్లా తప్పంటుంటే, ఈయన అరుగు మీదకొచ్చి రైటంటారా నాన్నగారూ?"